ఒంటిచక్రం కాటమయ్య

మా పక్క ఇప్పటికీ కాటమయ్య పేరెత్తితే నవ్వుతారు. మంచు మీద సర్కసు చేయబోయి కాళ్ళు పోగొట్టుకున్నోడు అంటారు. నవ్వేవాళ్ళ నోట్లో మన్ను పడ! వాళ్ళెవరూ అక్కడ లేరు, నేనున్నాను. ఆ చక్రం చేసింది కూడా నేనే. కమ్మరి రాజం అంటే పాలమూరు మట్టిపని గుంపుల్లో తెలియనివాళ్ళు తక్కువ. గుంపు ఎక్కడికి పోతే నా కొలిమి అక్కడికి పోవాలి. గడ్డపారలకు మొనలు సాగగొట్టడం, పారలకు కామలు బిగించడం నా పని.

ఇంకా కోపం ఏమిటంటే, ఆ మాట అన్నప్పుడల్లా అందరికంటే ముందు కాటమయ్యే నవ్వుతాడు. "ఔ మల్ల, సర్కసే జేసిన" అంటాడు. అసలు సంగతి చెప్పడు. ఎందుకు చెప్పడో నాకు తెలుసు. చెబితే గుడిసెలో ఉన్న అతని పెళ్ళాం యాదలక్ష్మి వింటుంది. అతను చెప్పడు గనుక నేను చెబుతున్నాను.

ముందు మా పని తీరు ఒకటి తెలియాలి. మట్టిపనికి పోయే మా గుంపుల్లో మనుషుల్ని ఒక్కొక్కరిగా లెక్కపెట్టరు, జతలుగా లెక్కపెడతారు. మొగుడు తవ్వాలి, పెళ్ళాం తట్ట ఎత్తాలి. ఇద్దరిలో ఎవరు మంచాన పడ్డా ఆ జత తెగినట్టే. తెగిన జతను మేస్త్రి ఉంచుకోడు. నేను కమ్మరిని కాబట్టి ఒంటిగా ఉన్నా నడిచింది.

కాటమయ్య గౌండ్లాయన. మక్తల్ దగ్గర చిన్న ఊరు. తండ్రి నాటికి కల్లు గీసుకోవడానికి ఈతవనం ఉండేది. వయసులో ఉన్నప్పుడు పాలమూరు టౌనుకు సర్కసు వస్తే చూడబోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఏనుగులకు నీళ్ళు మోస్తూ డేరాలోనే ఉండిపోయాడు. ఒంటిచక్రం తొక్కే మలయాళీ ఒకడు ఇతని మీద దయతలచి ఆ విద్య నేర్పాడు. తండ్రి పోయి చెవి పట్టుకుని లాక్కొచ్చాడు గానీ చెట్టెక్కే కాళ్ళకు ఆ చక్రం అప్పటికే పట్టుబడిపోయింది. ఊళ్ళో కిరాయి సైకిలు తీసుకుని, ముందు చక్రం గాల్లోకి ఎత్తి, ఎండిన చెరువు అడుగున గంటలకు గంటలు ఒక్క చక్రం మీదే తిరిగేవాడట. సైకిలు షాపువాడు కర్ర పట్టుకుని వెంటపడేవాడు.

యాదలక్ష్మిని చూసింది కురుమూర్తి జాతరలో. జనం మధ్య ఆ ఒక్క చక్రం మీద పోతూ పోతూ గాజుల దుకాణం ముందర బోర్లాపడ్డాడు. గాజులు వేయించుకుంటున్న పిల్ల చేయి వెనక్కి లాక్కుని పగలబడి నవ్వింది. ఇతను లేచి దుమ్ము దులుపుకోకుండా ఆమె తండ్రి దగ్గరికి పోయి, "మామా, నీ బిడ్డ నవ్వు నాకిస్తవా?" అన్నాడు. ముందు దెబ్బలు పడ్డాయి, తరువాత పెళ్ళయింది.

ఆ పైన వరసగా కరువు. ఈతవనం ఎండిపోయింది. ఇద్దరూ లింగయ్య మేస్త్రి గుంపులో చేరారు. అది అరవై నాలుగో సంవత్సరం. చైనాతో యుద్ధం అయిపోయి, ఉత్తరాన కొండల్లో సర్కారు రోడ్ల మీద రోడ్లు వేస్తున్న కాలం. మన్ను తవ్వాలంటే దేశంలో ఎవరికైనా పాలమూరోళ్ళే గుర్తొస్తారు కదా! రైలెక్కించారు, తరువాత లారీలెక్కించారు, లారీలు కూడా ఎక్కలేని చోట నడిపించారు. యాదలక్ష్మి చంకలో అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న ఆడపిల్ల. చిట్టి అని పిలిచేవాళ్ళం.

చలి అంటే మాకు పుష్యమాసంలో తెల్లవారుజామున వేసేదే చలి. అక్కడి చలి వేరు. రేకుల షెడ్డులో గోనెసంచులు పరుచుకుని, మిలిటరీవాళ్ళు పారేసిన కంబళ్ళు కప్పుకుని ఒకరికొకరం అతుక్కుని పడుకునేవాళ్ళం. మంచు మొదటిసారి పడ్డనాడు చిట్టి దాన్ని పేలాలనుకుని నోట్లో పెట్టుకుంది. అందరం నవ్వాం. పనల్లా రోడ్డు మీద పడిన మంచు ఎత్తిపోయడమే. మన్నయితేనేం, మంచయితేనేం, తట్టకు తట్టే అనుకున్నాం.

మార్గశిరం చివర్లో మంచు పడటం మొదలుపెట్టి ఆగలేదు. దారి మూసుకుపోయింది. ఆ లోపల చిట్టికి పడిశం పట్టింది. అది రొమ్ములోకి దిగింది. పిల్ల ఊపిరి ఎగబీలుస్తుంటే కాటమయ్య దాన్ని కంబళ్ళో చుట్టి, కింద మిలిటరీ దవాఖానకు తీసుకుపోతానని బయలుదేరాడు. నడుం లోతు మంచులో కూరుకుపోతే దశరథం పోయి వెనక్కి లాక్కొచ్చాడు. దశరథం మా గుంపులో అందరికంటే బలమైన మనిషి. అంతటివాడు కూడా షెడ్డు చేరేసరికి నేలమీద కూలబడ్డాడు. తెల్లవారేసరికి పిల్ల పోయింది.

అసలు బాధ అప్పుడు మొదలైంది. పసిపిల్లల్ని మాలో మన్నులోనే పెడతారు. గుంత తవ్వడానికి పోయాం. మేమెవరం? చెరువులు తవ్వినవాళ్ళం, కాలువలు తవ్వినవాళ్ళం, డ్యాముల పునాదులు తవ్వినవాళ్ళం. గడ్డపార ఎత్తి వేస్తే నిప్పురవ్వ లేచింది గానీ పిడికెడు మన్ను లేవలేదు. కాటమయ్య వేశాడు, దశరథం వేశాడు, నేను వేశాను. నా కొలిమిలో ఉన్న నిప్పులన్నీ తెచ్చి నేలమీద పోశాను. వేలెడు లోతు మెత్తబడింది, మళ్ళీ బిగుసుకుంది. బొగ్గులు అయిపోయాయి. చివరికి రెండు బండల సందులో పిల్లను పెట్టి, మీద రాళ్ళు పేర్చాం.

యాదలక్ష్మి అంతసేపూ కంటనీరు పెట్టలేదు. రాళ్ళు పేర్చడం అయ్యాక మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"ఊళ్ళకు ఊళ్ళు తవ్విపెట్టినం. నా బిడ్డకు జానెడు మన్ను దొరకదా?" అంది.

మూడోనాడు గోపమ్మ మిలిటరీవాళ్ళ పాలపొడి కలిపి, ఆమె చేత రాళ్ళ మీద పాలు పోయించింది. గోపమ్మ గుంపులో పెద్దది. విధవరాలు, మా అందరికీ వంట చేసేది. పోసిన పాలు పోసినట్టే రాతి మీద గడ్డకట్టాయి. యాదలక్ష్మి వంగి దాన్ని చూసింది. షెడ్డులోకి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, మళ్ళీ లేవలేదు. మాట లేదు, తిండి లేదు. గోపమ్మ పళ్ళ సందున చెంచాతో గంజి పోస్తే సగం గోనె మీదికే కారిపోయేది.

"యాదీ, లెవ్వే. ఒక్క బుక్క తిను. నేనేం జెయ్యాలె జెప్పు, గది జేస్త" అని కాటమయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలేవాడు. ఒకసారి తిట్టాడు. ఒకసారి తన తల గోడకేసి కొట్టుకున్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

లింగయ్య మేస్త్రి చెడ్డవాడని అనను, కానీ మేస్త్రి మేస్త్రే. "కాటా, జత తెగింది. ఓవర్సీరు అడుగుతున్నడు. దారి తెరవంగనే లారీ ఎక్కి పోండ్రి" అన్నాడు.

"పోతె పోతం. దారి తెర్సేదాంక ఆమె పానం ఉంటె గద మేస్త్రీ!" అన్నాడు కాటమయ్య. ఆ మాటకు మేస్త్రి తల దించుకుని పోయాడు. నిజమే. దారి తెరిచేనాటికి ఇంకో రాళ్ళకుప్ప పేర్చాల్సి వస్తుందని మాకందరికీ అనిపించింది.

స్టోరు షెడ్డు వెనక పాత సామాను కుప్పలో ఓవర్సీరు సైకిలు పడి ఉండేది. తొక్కడానికి వీల్లేని కొండకు సైకిలు తెచ్చుకున్న మహానుభావుడు! బండరాయి దొర్లి ముందు సగం నుజ్జయింది. వెనక చక్రం బాగుంది. ఒకనాడు కాటమయ్య ఆ చక్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"రాజన్నా, గీ చక్రం ఇరుసుకే పెడల్లు పెట్టి, మీద సీటు నిలబెడ్తవా?"

"నీకేమన్న పిచ్చి లేసిందా కాటన్నా? ఇంట్ల ఆడిది పానం ఇడుస్తాంది."

"అందుకే గద అడుగుతున్న! దానికి నేనిష్టమై రాలె. నేను పడుడు ఇష్టమై అచ్చింది. నాకింకేం జాతగాదు రాజన్నా. నువ్వు జేసిస్తవా లేదా?"

ఏడుస్తూ అడిగాడు. ఏం చేస్తాను? మిలిటరీవాళ్ళ దగ్గర బొగ్గు అడుక్కుని కొలిమి రాజేశాను. పెడళ్ళు ఇరుసుకు అతికి, వెనక కడ్డీల మీద సీటు నిలబెట్టాను. మంచు మీద జారకుండా టైరు లోపలినుంచి చిన్న మొలలు కొట్టి మొనలు బయటికి తేల్చాను. చేసిపెడుతూ తిడుతూనే ఉన్నాను.

మొదటిరోజు ఎక్కాడు, పడ్డాడు. ఎక్కాడు, పడ్డాడు. గట్టిమంచు అనుకున్నచోట మెత్తగా ఉండి చక్రం కూరుకుపోయేది, మనిషి మాత్రం ముందుకు పోయేవాడు. తరువాత పట్టు దొరికింది. చేతులు రెండూ చాపి, తల రుమాలు ఎగురుతుండగా, షెడ్డు ముందర తెల్లటి మైదానంలో గిర్రున తిరిగాడు. రోడ్డుకు కాపలా ఉన్న జవాన్లు వచ్చి చప్పట్లు కొట్టారు. మా ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఎన్నాళ్ళకు నవ్వామో! కాటమయ్యకే సంబరం లేదు. ఒక్కొక్క చుట్టు తిరిగి షెడ్డు తలుపు వైపు చూసేవాడు. తలుపు మూసే ఉండేది.

సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఆనాటి పాట్లన్నీ చెప్పేవాడు. "ఇయ్యాల మూతి పగిలింది యాదీ. జవాను నన్ను లేపబోయి ఆడు గూడ పడ్డడు. నువ్వు సూస్తె సచ్చేదానివి నవ్వలేక" అనేవాడు. ఆమె గోడవైపే ఉండేది.

ఆ తరువాత ఒక పొద్దున మబ్బు విడిచి ఎండ కాసింది. గోపమ్మ, "ఎండల ఇంతసేపు కూసుందాం రా బిడ్డా, ఒళ్ళు బూజు వట్టింది" అని యాదలక్ష్మిని ఎత్తుకున్నట్టే బయటికి తెచ్చి, కంబళి కప్పి, కుంట గట్టున కూర్చోబెట్టింది. షెడ్డు కింద పల్లంలో ఒక కుంట ఉంది. నీరంతా పైన గడ్డకట్టి బయలులా ఉంది. కాటమయ్య కొద్దిరోజులుగా దాని అంచునే తొక్కుతున్నాడు.

ఆమెను చూడగానే చక్రం ఎక్కాడు. రెండు చుట్లు బాగానే తిరిగాడు. మూడో చుట్టులో రుమాలు సగం ఊడి దాని కొస చక్రంలో చుట్టుకుంది. చుట్టుకున్నకొద్దీ తల ముందుకు లాగింది. మనిషి దండం పెడుతున్నట్టు వంగి వంగి, మోకాళ్ళ మీద పడి, ఆ మోకాళ్ళ మీదే గట్టుదాకా జారుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా ఆగాడు. నెత్తిన గుడ్డ లేదు, మూతినిండా మంచు.

యాదలక్ష్మి కిసుక్కున నవ్వింది.

నేను విన్నాను. గోపమ్మ విన్నది. చిన్న నవ్వే, గొంతులోనే ఆగిపోయింది. కాటమయ్య మొహం చూడాలి ఆ క్షణాన! "మల్ల జూడు, మల్ల జూడు యాదీ!" అంటూ రుమాలు పీకి పారేసి చక్రం ఎక్కి కుంట నడిమికి తిప్పాడు.

అక్కడ మేమందరం కలిసి ఒక తప్పు చేశాం. పాలమూరు మనుషులు తప్ప ఇంకెవరూ చేయరు ఆ తప్పు. మా చెరువులు ఎండాకాలం అడుగంటుతాయి. నున్నగా మెరిసే చోట లోపల బురద ఉంటుంది. అందులో ఎద్దు దిగితే ఎద్దు పోతుంది, మనిషి దిగితే మనిషి పోతాడు. ఎండి పగిలి పర్రెలు విచ్చిన నేల గట్టినేల. దాని మీద బండి తోలుకుపోవచ్చు. పుట్టినప్పటినుంచి కళ్ళకు అదే తెలుసు. ఆ కుంటలో ఒకవైపు మంచు నల్లగా, నున్నగా ఉంది. వాగు వచ్చి కలిసే వైపు మంచు పర్రెలు విచ్చి ఉంది.

"నున్నటి దిక్కు పోకురా!" అని దశరథం అరిచాడు. "పర్రెల దిక్కు పో, పర్రెల దిక్కు!" అని ఆడవాళ్ళందరూ చేతులు ఊపారు. అతనికి మాత్రం తెలియదా? ముందే అటు తిప్పాడు. చేతులు చాపి, నవ్వుతూ, తలతిప్పి ఆమెను చూస్తూ పోయాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు ఒక్క చప్పుడు. చక్రం లేదు, మనిషి లేడు. నల్లటి నీళ్ళు కనిపించాయి. తరువాత తల తేలింది. మోచేతులు రెండూ మంచు అంచుమీద వేసి వేలాడుతున్నాడు.

దశరథం ఉరికాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలికింద మంచు పగిలింది. వెనక్కి పడి బతికాడు. నేను పోబోతే నా కిందా అదే చప్పుడు. గోపమ్మ గుండెలు బాదుకుంటోంది. కాటమయ్య పెదాలు అప్పుడే నీలం తిరిగాయి. నేను సిగ్గులేకుండా ఏడ్చాను. కళ్ళెదుటే మనిషి పోతుంటే గట్టున నిలబడి చూడటం పగవాడికి కూడా వద్దు.

"తాడు" అంది ఎవరో. ఆ గొంతు ఎవరిదో ముందు తెలియలేదు. చూస్తే యాదలక్ష్మి. కంబళి విసిరేసి మంచు మీద బోర్లా పడుకుని ఉంది. "తాడు గట్టన్నా!" అని నా మీద అరిచింది. రెండు చంకల కిందుగా తాడు వేసి ముడివేశాను. పాక్కుంటూ పోయింది. తిండి మానిన ఒళ్ళు, ఎముకలు తప్ప ఏముంది ఆమెలో? మా ఎవ్వరినీ ఆగనివ్వని మంచు ఆమెను ఆపింది. చచ్చిపోదామని మాడ్చుకున్న ఒళ్ళు అక్కరకొచ్చింది.

"రాకు యాదీ, పగుల్తది, రాకు" అంటున్నాడు అతను.

"నోర్ముయ్! పిల్లను రాళ్ళల్ల వెట్టినవ్. నువ్వు నీళ్ళల్ల వోతవా? నన్నెవరు మన్నుల వెడ్తరు?"

అలా తిడుతూనే పోయి రెండు మణికట్లూ పట్టుకుంది. గుంపు గుంపంతా తాడు లాగాం. ఇద్దరూ ఒకరినొకరు విడవకుండా గట్టుకు వచ్చారు. అతనికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ స్థితిలో కూడా, "నవ్వినవ్ గద?" అన్నాడు. ఆమె అందరి ముందూ చెంప మీద లాగి ఒక్కటిచ్చింది. ఆ వెంటనే అతని తల రొమ్ముకు అదుముకుని ఏడ్చింది. బిడ్డ పోయినప్పటినుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది. కొండలు ప్రతిధ్వనించాయి. మేమెవరం ఆపలేదు.

జవాన్లు అతన్ని స్ట్రెచర్ మీద మోసుకుంటూ మంచు తవ్వుకుంటూ కింది దవాఖానకు చేర్చారు. మిలిటరీవాళ్ళిచ్చిన పాత బూట్లలో నీళ్ళు బూట్లలోనే గడ్డకట్టాయి. రెండు పాదాలూ ముందు సగం తీసేశారు. ఇంక చెట్టెక్కే పని లేదు, నిలబడి తవ్వే పని లేదు. ఇప్పుడు ఊళ్ళో కూర్చుని ఈతచాపలు అల్లుతాడు, చీపుర్లు కడతాడు. తరువాతి ఏడు యాదలక్ష్మి మళ్ళీ గుంపులోకి వచ్చి, గోపమ్మను జత చేసుకుని తనే గడ్డపార పట్టింది. "ఇద్దరు ఆడోళ్ళ జత ఏడనన్న ఉంటదా?" అని లింగయ్య మేస్త్రి అంటే, "ఇగో, ఈడుంది, సూడు" అని తవ్వి చూపించింది. తరువాత కొడుకు పుట్టాడు. ఇదీ మీరంతా నవ్వే సర్కసు కథ.

ఒకటి మాత్రం నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. చైత్రంలో దారి తెరిచింది. వాళ్ళిద్దరినీ కిందికి దించడానికి లారీ వచ్చింది. బిడ్డ దగ్గరికి పోందే ఊరికి పోనని పట్టుబడితే దవాఖాన నుంచి కాటమయ్యను అదే లారీలో పైకి తెచ్చారు, పాదాలకు కట్లతో. మంచు కరిగి కొండంతా నల్లగా, తడిగా ఉంది. దశరథం అతన్ని వీపున మోసుకుని చిట్టిని పెట్టిన బండల దగ్గరికి తీసుకుపోయాడు. యాదలక్ష్మి ముందే తట్ట తెచ్చి పెట్టుకుంది.

"గడ్డపార ఇయ్యి రాజన్నా" అన్నాడు కాటమయ్య.

మేమందరం పలుగులు పారలు పట్టుకుని ఉన్నాం. ఒక్క నిమిషం పని. యాదలక్ష్మి చేయి అడ్డం పెట్టింది. "ఎవ్వలు ముట్టకుండ్రి. ఇది మా జత పని" అంది.

అతను కట్ల కాళ్ళు చాపుకుని కూర్చుని తవ్వాడు. ఆమె తట్టకెత్తి పక్కన పోసింది. మన్ను మెత్తగా లేచింది. లారీ డ్రైవరు హారను కొట్టబోతే మేస్త్రి పోయి ఆపాడు. కాసేపటికి గుంత అయింది. చూస్తే నడుమ మన్ను దిబ్బ ఒకటి తవ్వకుండా మిగిలి ఉంది. అది మా చేతి అలవాటు. తవ్విన లోతు ఓవర్సీరు కొలుచుకోవడానికి ప్రతి గుంతలోనూ అట్లా ఒక దిబ్బ వదులుతాం. కాటమయ్య తను ఏం తవ్వుతున్నాడో మరిచి, చేతులకు తెలిసిన పని చేతులు చేసుకుపోయాయి.

యాదలక్ష్మి ఆ దిబ్బను చూసింది. అతనూ అప్పుడే చూశాడు. గడ్డపార చేతిలోంచి జారిపోయింది, మొహం కప్పుకున్నాడు.

ఆమె గుంత పక్కన కూర్చుని గడ్డపార తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"అది గూడ తియ్యి" అంది. "దీన్ని కొల్వనీకె ఎవ్వలు రారు."